ప్రింటర్ ఐపీ మళ్ళీ మారిందా? స్టాటిక్, రిజర్వేషన్, లోకల్ పేరు: ఇంట్లో దేనికి ఏది పెట్టాలి

వైఫై బాగానే వస్తుంటుంది, ఫోన్‌లో యూట్యూబ్ ఆడుతుంటుంది, కానీ పిల్లాడి ప్రాజెక్టు ప్రింట్ కొడితే మాత్రం ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. లేకపోతే నిన్నటిదాకా టీవీలో కనిపించిన సినిమాల ఫోల్డర్ ఈరోజు కనపడదు, కరెంటు పోయి వచ్చాక ఎన్‌వీఆర్‌లో (సీసీ కెమెరాల వీడియో రికార్డ్ చేసే పెట్టె) నాలుగు కెమెరాల్లో ఒకదాని బొమ్మ మాయమవుతుంది. చాలా ఇళ్ళల్లో వీటన్నిటికీ కారణం ఒకటే, ఆ డివైస్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని వెతుక్కునే నంబర్, మారిపోయింది, దాన్ని వెతుక్కునే కంప్యూటరేమో ఇంకా పాత నంబర్ దగ్గరికే వెళ్ళి తలుపు కొడుతోంది.

దీనికి మందు అడిగితే ఒకరు స్టాటిక్ ఐపీ పెట్టెయ్యి అంటారు, ఇంకొకరు రౌటర్‌లో రిజర్వ్ చెయ్యి అంటారు, కొంచెం ముదిరినవాళ్ళు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని సొంత డీఎన్ఎస్ (పేరు అడిగితే నంబర్ చెప్పే సర్వర్) పెట్టుకో అంటారు. అన్నీ పని చేస్తాయి, అదే అసలు చిక్కు. నా లెక్క ఒక్కటే, ఇంట్లో ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు అని చూసుకోండి. మీ ఫోన్ బయటికి, అంటే ఇంటర్నెట్‌కి వెళ్తుంది, దాన్ని వెతుక్కుంటూ ఇంట్లో ఎవరూ రారు కాబట్టి దాని నంబర్ రోజుకొకటి మారినా మీకు పట్టదు. ప్రింటర్ అలా కాదు, అది కూర్చున్న చోటే ఉంటుంది, అందరూ దాని దగ్గరికే రావాలి. అలా నలుగురూ వెతుక్కుంటూ వచ్చే వాటికి మాత్రమే కదలని అడ్రస్ కావాలి, మామూలు ఇంట్లో అవి మూడో నాలుగో ఉంటాయి, అంతకు మించి ఉండవు.

అసలు నంబర్ ఎందుకు మారుతుంది

ఇంట్లో నంబర్లు పంచేది రౌటర్. డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో కొత్తగా వచ్చిన ప్రతి డివైస్‌కీ ఖాళీగా ఉన్న నంబర్ ఒకటి కొంత కాలానికి అద్దెకిస్తుంది, దాన్నే లీజ్ అంటారు. కొన్ని రౌటర్లలో ఇది రెండు గంటలు, కొన్నిట్లో పన్నెండు గంటలు, చాలావాటిలో ఒక రోజు. లీజ్ సగం గడిచాక డివైసే అడిగి పొడిగించుకుంటుంది, అందుకే ఎప్పుడూ ఆన్‌లో ఉండే వాటికి నంబర్ నెలల తరబడి మారకపోవచ్చు, దాంతో మనకి ఇది పర్మనెంట్ అనే భ్రమ వస్తుంది. వారం రోజులు ఆపేసిన ప్రింటర్ మళ్ళీ ఆన్ చేస్తే ఆ నంబర్ ఈలోపు వచ్చిన చుట్టాల ఫోన్‌కి వెళ్ళిపోయి ఉంటుంది. ఇంకో గొడవ కరెంటు. చవక రౌటర్లు చాలావరకు ఈ అద్దె పుస్తకాన్ని మెమరీలోనే పెట్టుకుంటాయి, రీస్టార్ట్ అయితే అది ఖాళీ, అప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి అడగడం మొదలుపెడతాయి. చాలావాటికి పాత నంబరే దొరుకుతుంది, ఒకటీ అరా తారుమారవుతాయి.

ఇంటి లోపల వాడే ఈ నంబర్లు 192.168తో గానీ 10తో గానీ, అరుదుగా 172తో గానీ మొదలవుతాయి, 1996 నుంచీ ఈ రేంజ్‌లు ప్రైవేట్ వాడకానికే వదిలేశారు. జియో ఫైబర్ బాక్స్ అయితే 192.168.29.1, చాలా టీపీ లింక్ రౌటర్లు 192.168.0.1, మిగతావి ఎక్కువగా 192.168.1.1. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద దీనితోనే పని ఉంది.

డివైస్‌లోనే స్టాటిక్ పెట్టడం

అందరికీ ముందు తట్టేది ఇదే. ప్రింటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మాన్యువల్ అని పెట్టి ఐపీ, సబ్‌నెట్ మాస్క్ (ఇంటి నంబర్ల సిరీస్ ఎంతవరకో చెప్పేది), గేట్‌వే (రౌటర్ నంబర్), డీఎన్ఎస్ నాలుగూ చేత్తో కొట్టడం. రౌటర్ జోలికి వెళ్ళక్కర్లేదు, పాస్‌వర్డ్ తెలియకపోయినా పర్లేదు, అందుకే సీసీ కెమెరాలు బిగించేవాళ్ళు దాదాపు అందరూ ఇదే చేసి వెళ్తారు.

నాకు ఇది నచ్చకపోవడానికి కారణం, మన ఊళ్ళల్లో నెట్ కనెక్షన్ మార్చడం మామూలు విషయం. ఆరు నెలల ఆఫర్ అయిపోగానే ఇంకో కంపెనీ, దానితో పాటు ఇంకో బాక్స్. పాత బాక్స్ 192.168.1 సిరీస్, కొత్తది 192.168.29 సిరీస్ అనుకోండి, అదే వైఫై పేరు అదే పాస్‌వర్డ్ పెట్టేసినా సరే చేత్తో 192.168.1.50 అని కొట్టి పెట్టిన ప్రింటర్ కొత్త నెట్‌వర్క్‌లో ఎవరికీ కనపడదు, అది వైఫైకి కనెక్ట్ అయ్యే ఉంటుంది, లైట్ కూడా వెలుగుతుంది, కానీ ఎవరికీ అందని నంబర్‌తో కూర్చుని ఉంటుంది. స్క్రీన్ లేని కెమెరా అయితే ఇంకా నరకం. నంబర్ ఎవరు పెట్టారో, ఎంత పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, బిగించినాయన ఫోన్ ఎత్తడు.

రెండో ప్రమాదం, రౌటర్ పంచే రేంజ్ లోపలి నంబరే మీరు చేత్తో పెట్టడం. రౌటర్‌కి ఆ సంగతి తెలీదు, రేపు అదే నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, రెండిట్లో ఒకటి పని చేస్తుంది ఒకటి చెయ్యదు, పది నిమిషాలయ్యాక అటూ ఇటూ అవుతుంది. కాబట్టి స్టాటిక్ పెట్టే తీరాలంటే ముందు రౌటర్‌లో డీహెచ్‌సీపీ పూల్‌ని, అంటే రౌటర్ పంచే రేంజ్‌ని, చివరి భాగం 100 నుంచి 199 దాకా అని కుదించి, చేత్తో పెట్టేవన్నీ 2 నుంచి 99 లోపు పెట్టుకోండి. వంద నంబర్లు ఇంటికి చాలా ఎక్కువే.

అలా అని స్టాటిక్ అసలే వద్దని కాదు. వైఫై పెంచడానికి పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (నంబర్లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చేదిగా) వాడుతుంటే దానికి స్టాటిక్ ఉండాలి, ఇంట్లో సొంత డీఎన్ఎస్ సర్వర్ ఉంటే దానికీ ఉండాలి. అంటే నెట్‌వర్క్‌ని నడిపే సామాన్లకి సరే, నెట్‌వర్క్‌ని వాడుకునే సామాన్లకి వద్దు. ల్యాప్‌టాప్‌కైతే అస్సలు వద్దు, ఇంట్లో అడాప్టర్‌కి పెట్టి ఆఫీసుకి పట్టుకెళ్తే అక్కడ నెట్ రాదు.

రౌటర్‌లో రిజర్వేషన్, నా ఓటు దీనికే

ఇందులో డివైస్‌ని ముట్టుకోం. అది మామూలుగానే ఆటోమేటిక్‌లో ఉంటుంది, రౌటర్‌కి మాత్రం ఫలానా మ్యాక్ అడ్రస్ (డివైస్ నెట్‌వర్క్ చిప్‌కి ఉండే గుర్తింపు నంబర్) వాడు అడిగితే ఎప్పుడూ ఇదే నంబర్ ఇవ్వు అని రాసి పెడతాం. నంబర్ల చిట్టా మొత్తం ఒక్క చోటే ఉంటుంది, గొడవలు రావు, పైగా కంపెనీ మారి రౌటర్ మారినా ప్రింటర్ తనంతట తాను కొత్త నంబర్ తెచ్చుకుని పని చేస్తుంది, మీరు కొత్త రౌటర్‌లో ఒక లైన్ రాసుకుంటే సరిపోతుంది.

ఎక్కడ ఉంటుందంటే, టీపీ లింక్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని, ఆసుస్‌లో లాన్ కింద మాన్యువల్ అసైన్‌మెంట్ అని, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో స్టాటిక్ లీజెస్ అని. పేరులో స్టాటిక్ ఉన్నా అది రిజర్వేషనే, కంగారు పడకండి. సేవ్ చేశాక ఆ డివైస్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యాలి, లేకపోతే పాత లీజ్ అయ్యేదాకా పాత నంబర్‌లోనే ఉంటుంది, ఇది చెయ్యక చాలామంది రిజర్వేషన్ పని చెయ్యట్లేదు అంటుంటారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కంపెనీ ఫ్రీగా ఇచ్చే బాక్స్‌లు కొన్నిట్లో ఈ ఆప్షన్ కనపడదు, లేదా అడ్మిన్ పాస్‌వర్డ్ మనకివ్వరు. రెండోది, రౌటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొడితే చిట్టా పోతుంది, కాబట్టి బ్యాకప్ ఫైల్ తీసి పెట్టుకోండి, కనీసం ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మూడోది, ఒకే ల్యాప్‌టాప్‌కి వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కి ఇంకో మ్యాక్ ఉంటుంది, వైఫైకి రాసి కేబుల్ పెడితే పని చెయ్యదు.

నంబర్ ఫిక్స్ అయ్యాక విండోస్‌లో ఇంకో పని మిగిలుంటుంది. చాలాసార్లు విండోస్ ప్రింటర్‌ని తనంతట తానే డబ్ల్యూఎస్‌డీ (విండోస్ ప్రింటర్‌ని తనే వెతికి పట్టుకునే పద్ధతి) పోర్ట్ మీద యాడ్ చేసుకుంటుంది, అది ఐపీని పట్టించుకోదు, మూడ్ బాగుంటే దొరుకుతుంది లేకపోతే ఆఫ్‌లైన్. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్‌కి వెళ్ళి యాడ్ పోర్ట్ నొక్కి స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని మీరు రిజర్వ్ చేసిన నంబర్ కొట్టండి. అప్పటికీ ప్రింటర్ ఆన్‌లో ఉండగానే ఆఫ్‌లైన్ అంటుంటే అదే పోర్ట్‌కి కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అనే టిక్ తీసెయ్యండి. నంబర్ ఫిక్స్ చేసి పోర్ట్ మార్చకపోతే సగం పనే అయినట్టు.

నంబర్ వద్దు, పేరు చాలు అంటే

ఇంట్లో మ్యాక్‌బుక్, ఐఫోన్, లినక్స్ మిషన్లు ఎక్కువ ఉంటే చివర డాట్ లోకల్ పెట్టి పేరుతోనే పిలవచ్చు, రాస్ప్‌బెర్రీపై డాట్ లోకల్, హోమ్‌అసిస్టెంట్ (ఇంటి స్మార్ట్ సామాన్లు నడిపే సాఫ్ట్‌వేర్) డాట్ లోకల్ ఇలా. దీన్ని ఎండీఎన్ఎస్ అంటారు. ఆపిల్ 2002లో రాండెవూ పేరుతో తెచ్చింది, తర్వాత బాంజూర్ అయింది, 2013లో అధికారికంగా స్టాండర్డ్ అయింది, లినక్స్‌లో అవాహీ అనే ప్రోగ్రామ్ ఇదే పని చేస్తుంది. సర్వర్ ఏమీ లేదు, ఈ పేరు గలవాళ్ళు ఎవరు అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అరిస్తే ఆ పేరు గలది నేనే అని నంబర్ చెప్తుంది. సెటప్ సున్నా, ఐపీ మారినా పేరు మారదు, రౌటర్ పాస్‌వర్డ్ అక్కర్లేదు.

కానీ ఆ అరుపు ఇంటి గడప దాటదు. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కి మెయిన్ వైఫైలో ఉన్న ప్రింటర్ పేరు వినపడదు, ల్యాప్‌టాప్‌లో ఆఫీస్ వీపీఎన్ ఆన్ చేస్తే చాలాసార్లు అదీ వినపడదు. విండోస్ 10, 11లలో ఇది ఉంది గానీ పాత ఆండ్రాయిడ్ ఫోన్ల బ్రౌజర్‌లో డాట్ లోకల్ పేరు కొడితే తెరుచుకోదు. ఒకే పేరుతో రెండు మిషన్లుంటే రెండో దానికి చివర 2 తగులుతుంది, ఏది ఏదో తెలీక బుర్ర పాడవుతుంది, కొన్నప్పుడే వేరే పేర్లు పెట్టేసుకోండి. ఎన్‌వీఆర్‌లో కెమెరా యాడ్ చెయ్యడానికి, స్కానర్‌కి ఫోల్డర్ చూపించడానికి చాలావాటిలో నంబరే అడుగుతారు కాబట్టి పేరు ఒక్కటే నమ్ముకుంటే కుదరదు. నా మటుకు నేను రెండూ కలిపి వాడమంటాను, రిజర్వేషన్ ఎలాగూ ఉంటుంది, రోజూ టైప్ చేసేటప్పుడు పేరు.

సొంత డీఎన్ఎస్, ఇది సరదా ఉన్నవాళ్ళకి

పై హోల్ గానీ యాడ్‌గార్డ్ హోమ్ గానీ, ఇవి డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు, చిన్న మిషన్‌లో పెట్టుకుంటే యాడ్స్ ఆపడంతో పాటు ఇంట్లో ప్రతిదానికీ మీకు నచ్చిన పేరు ఇవ్వచ్చు, గెస్ట్ నెట్‌వర్క్‌కీ అందేలా చెయ్యచ్చు. పేర్లకి డాట్ లోకల్ మాత్రం ఇక్కడ వాడకండి, అది ఎండీఎన్ఎస్‌తో కొట్టుకుంటుంది. ఇంటి నెట్‌వర్క్‌ల కోసమే హోమ్ డాట్ ఆర్పా అని 2018లో కేటాయించారు, డాట్ ఇంటర్నల్‌ని కూడా 2024లో సొంత వాడకానికి వదిలేశారు, ఏదో ఒకటి పెట్టుకోండి.

పెట్టే ముందు ఒక్కటి ఆలోచించండి, ఆ చిన్న మిషన్ ఆగితే ఇంట్లో అందరికీ ఇంటర్నెట్ పోయినట్టే లెక్క. మీరు ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయి మెమరీ కార్డ్ పాడైతే ఇంట్లో సీరియల్ ఆగిపోయి మీకు ఫోన్లు వస్తాయి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఉంటే దీన్ని కూడా దానికే తగిలించండి. ఇంకో తిరకాసు, ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఏదో పేరు పెట్టి ఉన్నా, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్‌కి వేరే సర్వర్ పెట్టి ఉన్నా ఆ ఫోన్ లేదా ఆ బ్రౌజర్ మీ సర్వర్‌ని అడగనే అడగదు, మీరు పెట్టిన పేర్లు దానికి తెరుచుకోవు. ప్రింటర్ ఒక్కటి సరిచేసుకోడానికి ఇంత తంతు అక్కర్లేదు.

సరే, నంబర్ వెతకడం ఎలా

పోగొట్టుకున్న డివైస్‌ని పట్టుకోడానికి మొదటి చోటు రౌటర్ పేజీయే, క్లయింట్ లిస్ట్ అనో కనెక్టెడ్ డివైసెస్ అనో ఉంటుంది. సగం పేర్లు అర్థం కావు, అన్‌నోన్ అనో ఈఎస్‌పీ అని మొదలై ఏవో అంకెలతోనో ఉంటాయి, ఈఎస్‌పీ అంటే భయపడక్కర్లేదు, ఎస్‌ప్రెసిఫ్ చిప్ ఉన్న స్మార్ట్ బల్బో ప్లగ్గో అయ్యుంటుంది. ఏది ఏదో తేల్చుకోడానికి మోటు పద్ధతే బెస్ట్, అనుమానం ఉన్నదాన్ని ప్లగ్ పీకి లిస్ట్ రిఫ్రెష్ చెయ్యండి, ఏది పోయిందో అదే అది. కొన్ని రౌటర్లు లిస్ట్‌లోంచి వెంటనే తియ్యవు, కాసేపు ఆగి చూడాలి.

రౌటర్‌లోకి వెళ్ళలేకపోతే ఫోన్‌లో ఫింగ్ లాంటి యాప్, కంప్యూటర్‌లో యాంగ్రీ ఐపీ స్కానర్. మామూలు వాళ్ళకి ఈ రెండూ చాలు. ఐఫోన్‌లో యాప్ ఏమీ చూపించకపోతే లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఇచ్చారో లేదో చూడండి, 2020లో ఐఓఎస్ 14 నుంచి అది అడుగుతుంది, కంగారులో వద్దు అని కొట్టేస్తాం. మ్యాక్ అడ్రస్‌లు కూడా కావాలంటే కంప్యూటర్‌లోనే చూడటం మేలు. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళకి ఎన్‌మ్యాప్ అనే ప్రోగ్రామ్‌లోని పింగ్ స్కాన్‌కి (ఉన్నావా అని ఒక్కో నంబర్‌నీ తట్టడం) సాటి లేదు, 192.168.1.0/24 అని ఇస్తే 254 నంబర్లనీ కొన్ని సెకన్లలో తట్టి చూసేస్తుంది.

ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా కావాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆర్ప్ (arp), స్పేస్, మైనస్, ఏ అని కొట్టండి. అయితే ఇది మీ కంప్యూటర్ ఈ మధ్య మాట్లాడిన వాళ్ళనే చూపిస్తుంది, ఇల్లంతా చూపించదు. దీనితో ఒక మంచి ఉపాయం ఉంది, విండోస్ మిషన్లు ఫైర్‌వాల్ వల్ల పింగ్‌కి జవాబివ్వవు, అప్పుడు టైమ్‌డ్ అవుట్ అని వస్తే మనం అది లేదనుకుంటాం. పింగ్ కొట్టిన వెంటనే ఆర్ప్ చూడండి, ఆ నంబర్ పక్కన మ్యాక్ అడ్రస్ కనిపిస్తే అది అక్కడే ఉంది, పలకట్లేదు అంతే.

169.254తో మొదలయ్యే నంబర్ ఎక్కడైనా కనిపిస్తే వెతకడం ఆపి కేబుల్, వైఫై పాస్‌వర్డ్, రౌటర్ ఈ మూడూ చూడండి. అది రౌటర్ ఇచ్చిన నంబర్ కాదు, అడిగి అడిగి ఎవరూ ఇవ్వకపోతే డివైస్ తనకి తాను పెట్టుకున్నది.

కెమెరాల దగ్గరికి వస్తే కంపెనీ టూలే దిక్కు. హిక్‌విజన్‌కి ఎస్ఏడీపీ, దహువాకి కాన్ఫిగ్‌టూల్. మీ సిరీస్ వేరే, కెమెరా సిరీస్ వేరే అయినా ఇవి కనిపెడతాయి, మామూలు స్కానర్ కనిపెట్టలేదు. హిక్‌విజన్ కెమెరా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు 192.168.1.64, దహువా అయితే 192.168.1.108 ఉంటుంది, జియో బాక్స్ సిరీస్‌లో అవి ఎందుకు దొరకవో ఇప్పుడు తెలిసిందిగా. ఇంకో సంగతి, ఎన్‌వీఆర్ వెనక ఉన్న పీఓఈ (ఒకే కేబుల్‌లో కరెంటు, నెట్ రెండూ ఇచ్చే) పోర్టులకే కెమెరాలు తగిలిస్తే వాటికి నంబర్లిచ్చేది ఎన్‌వీఆరే, అవి రౌటర్ లిస్ట్‌లో ఎప్పటికీ కనపడవు, వెతికి లాభం లేదు, ఎన్‌వీఆర్ ఒక్కదానికి రిజర్వేషన్ పెట్టుకుంటే అయిపోతుంది.

ఫోన్ల మ్యాక్ గోల

ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ చెప్పవు, ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తాయి. పిల్లల ఫోన్‌కి రాత్రి పూట నెట్ కట్ చేద్దామని రౌటర్‌లో మ్యాక్ రాసుకున్నవాళ్ళకి ఇదే దెబ్బ. లిస్ట్‌లో ఉన్నది అసలా కాదా తెలుసుకోవాలంటే మ్యాక్‌లో రెండో అక్షరం చూడండి, అది 2, 6, ఏ, ఈలలో ఒకటైతే దాదాపు దొంగదే. ఇంటి వైఫై వరకు ఆ ఫోన్‌లో ర్యాండమ్ ఆపేసి ఫోన్ మ్యాక్ వాడు అని పెట్టుకోవచ్చు, ఐఓఎస్ 18లో అయితే ఆఫ్, ఫిక్స్‌డ్, రొటేటింగ్ అని మూడు ఉన్నాయి, ఇంటికి ఫిక్స్‌డ్ చాలు.

రెండు రౌటర్ల ఇళ్ళు

కంపెనీ బాక్స్ ఒకటి, దాని వెనక మీరు కొన్నది ఒకటి ఉంటే చాలా ఇళ్ళల్లో రెండూ వైఫై ఇస్తుంటాయి. ప్రింటర్ బాక్స్ వైఫైలో, ల్యాప్‌టాప్ మీ రౌటర్ వైఫైలో ఉంటే అవి వేరు వేరు నెట్‌వర్క్‌లు, ఫింగ్‌లో ప్రింటర్ కనపడదు, డాట్ లోకల్ పని చెయ్యదు, మీరు నంబర్ మీద నంబర్ మారుస్తూ కూర్చుంటారు. బాక్స్ వైఫై ఆపేసి అన్నిటినీ మీ రౌటర్ కిందకే తెచ్చేయండి. దీనివల్ల పెద్ద లాభం ఏంటంటే రేపు కంపెనీ మారినా లోపలి సిరీస్ మారదు, రిజర్వేషన్ల చిట్టా అలాగే ఉంటుంది, ఒక్క వైర్ మారుస్తారంతే. ఏడాదికోసారి కనెక్షన్ మార్చే ఇంటికి సొంత రౌటర్ పెట్టే ఖర్చు ఈ ఒక్క కారణానికే కిట్టుబాటవుతుంది.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి గుంటూరులో అమ్మావాళ్ళింట్లో కెమెరా చూడాలనుకునేవాళ్ళకి మాత్రం ఇంట్లో నంబర్ ఫిక్స్ చేసినంత మాత్రాన సరిపోదు. రౌటర్ వాన్ (ఇంటర్నెట్ వైపు) స్టేటస్‌లో అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా ఉంటే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదని అర్థం, కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకి పంచుతోంది, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చేవాళ్ళని ఇంట్లో డివైస్‌కి పంపే సెట్టింగ్) ఎంత పెట్టినా బయటి నుంచి తెరుచుకోదు. కెమెరా కంపెనీ యాప్ వాడుకోండి, లేదా ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే మిషన్‌లో టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టి దాని మీదుగా ఎన్‌వీఆర్ నంబర్‌కి వెళ్ళండి, అప్పుడు ఎన్‌వీఆర్‌కి మీరు పెట్టిన రిజర్వేషన్ అక్కరకొస్తుంది.

నేనైతే ఇలా పంచుతాను: ప్రింటర్, ఎన్‌వీఆర్, సినిమాల డిస్క్ తగిలించిన మిషన్, ఉంటే హోమ్ అసిస్టెంట్, వీటికి రౌటర్‌లో రిజర్వేషన్. రెండో రౌటర్ యాక్సెస్ పాయింట్‌గా ఉంటే దానికి పూల్ బయట స్టాటిక్. ఫోన్లు, టీవీ, అలెక్సా, బల్బులు, చుట్టాల ల్యాప్‌టాప్‌లు వాటి మానాన వాటిని వదిలెయ్యండి. అద్దె ఇంట్లో ఉండి ఓనర్ గారి వైఫై వాడుతూ రౌటర్‌లోకి వెళ్ళే వీల్లేనివాళ్ళు డాట్ లోకల్ పేరు ప్రయత్నించండి, అదీ కుదరకపోతే ప్రింటర్‌కి యూఎస్‌బీ కేబుల్ ఒకటి కొనుక్కోండి, వందల్లో పోతుంది, ఏ నంబరూ అక్కర్లేదు.